ఒకే గ్రూపులో రాగి, వెండి, బంగారం

తిరుమల తిరుపతి దేవస్థానం అమ్మే శ్రీవారి డాలర్లు రాగితోనూ, వెండితోనూ, బంగారంతోనూ చేసినవి ఉన్నాయి. ధరలో ఈ మూడు లోహాలకూ పొంతనే లేదు గానీ, ఆవర్తన పట్టికలో మాత్రం ఇవి ఒకే నిలువు వరుసలో, 11వ గ్రూపులో, ఒకదాని కింద ఒకటి ఉంటాయి.

పట్టికలోని 118 మూలకాలనూ పరమాణు సంఖ్య, అంటే కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య, పెరిగే క్రమంలో పేర్చారు. 1869లో ఈ పట్టికను రూపొందించిన రష్యన్ రసాయన శాస్త్రవేత్త మెండలీవ్ పరమాణు భారాన్ని ఆధారంగా తీసుకున్నాడు. అసలు ఆధారం పరమాణు సంఖ్యేనని 1913లో ఇంగ్లిష్ భౌతిక శాస్త్రవేత్త మోస్లే ఎక్స్-కిరణాలతో తేల్చాడు. ఎలక్ట్రాన్లు కొత్త కర్పరంలో, అంటే కేంద్రకం చుట్టూ ఉండే కొత్త పొరలో, చేరడం మొదలైనప్పుడల్లా కొత్త అడ్డు వరుస, అంటే పీరియడ్, మొదలవుతుంది. బయటి ఎలక్ట్రాన్ల అమరికలో పోలిక ఉన్నవి ఒకే గ్రూపులోకి వస్తాయి. రాగికి నాలుగో కర్పరంలో, వెండికి ఐదో దానిలో, బంగారానికి ఆరో దానిలో ఒక్కొక్క ఎలక్ట్రానే ఉంటుంది.

ఆ మాటకొస్తే సోడియానికీ బయట ఉన్నది ఒక్క ఎలక్ట్రానే. అయినా అది 1వ గ్రూపులో ఉంది, నీళ్లు తగిలితే ఉధృతంగా చర్య జరుపుతుంది. రాగి చెంబులో మాత్రం రాత్రంతా నీళ్లు నిలవ ఉంచుకోవచ్చు. రాగిలో ఆ బయటి ఎలక్ట్రాన్‌కు లోపలి కర్పరంలో పది డి-ఎలక్ట్రాన్లు (కర్పరంలోని డి అనే ఉపకర్పరంలోవి) అదనంగా ఉంటాయి. కేంద్రకపు ఆకర్షణను అవి సరిగా అడ్డుకోలేవు కనుక బయటి ఎలక్ట్రాన్ అంత సులభంగా ఊడి రాదు.

పీరియడ్లన్నీ ఒకే పొడవు ఉండవు: వరుసగా 2, 8, 8, 18, 18, 32, 32 మూలకాలు. రాగి పరమాణు సంఖ్య 29, వెండిది 47, బంగారానిది 79. మొదటి తేడా 18, రెండోది 32. ఈ అదనపు 14 ఎక్కడివంటే, పట్టిక అడుగున విడిగా అచ్చువేసే లాంథనైడ్ల వరుసలోవి. ఆ వరుసను విద్యార్థులు అనుబంధంలా చూసి వదిలేయడం నాకెప్పుడూ సబబుగా తోచదు. అది ఆరో పీరియడ్ మధ్యభాగమే, కాగితం వెడల్పు చాలక కిందికి దించారంతే.

దాని ప్రభావం బంగారంలో స్పష్టంగా కనిపిస్తుంది. కర్పరం ఒకటి పెరిగింది కనుక బంగారం పరమాణువు వెండి పరమాణువు కంటే పెద్దదిగా ఉండాలి. కానీ ఆ 14 మూలకాల వెంట కేంద్రకంలో 14 ప్రోటాన్లు పెరగగా, లోపల చేరిన ఎఫ్-ఎలక్ట్రాన్లు (ఎఫ్ అనే ఉపకర్పరంలోవి) ఆ ఆకర్షణను సరిగా అడ్డుకోలేకపోవడంతో పరమాణువు కుంచించుకుపోతుంది. దీన్నే లాంథనైడ్ సంకోచం అంటారు. అందువల్ల రెండింటి పరమాణు వ్యాసార్థమూ దాదాపు 144 పికోమీటర్లే (పికోమీటరు అంటే మీటరులో లక్ష కోట్లో వంతు). పరమాణు భారం మాత్రం వెండికి 108, బంగారానికి 197. ఘన సెంటీమీటరు వెండి 10.5 గ్రాములు తూగితే, అంతే బంగారం 19.3 గ్రాములు తూగుతుంది. పరిమాణంలో ఈ సామ్యం, స్ఫటికంలో పరమాణువుల ఒకే రకం అమరిక, ఈ రెండూ ఉండబట్టే కంసాలి వెండి బంగారాలను ఏ పాళ్లలో కలిపి కరిగించినా అవి విడిపోకుండా ఒకే లోహంగా గట్టిపడతాయి.