రోహిణి కార్తె ఏ సబ్జెక్టు కిందికి వస్తుంది?

జూన్ 12న బడి తెరిచేసరికి రోహిణి కార్తె వెళ్లి నాలుగైదు రోజులవుతుంది, మృగశిర నడుస్తుంటుంది. మా చిన్నప్పుడు బడిలో కార్తె అంటే తెలుగు పీరియడ్‌లో ఒక సామెత, అంతే. "రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయి" అని ఖాళీ పూరించి ముందుకెళ్లేవాళ్లం.

నిజానికి కార్తె పుట్టిందే లెక్కల్లోంచి. సూర్యుడు ఏడాదంతా నడిచే దారిని 27 నక్షత్రాలకు పంచారు, 365ని 27తో భాగిస్తే పదమూడున్నర రోజులు, అదే ఒక కార్తె. చంద్రుడి నెలలతో ఉగాది తేదీ ఏటా మారుతుంది కానీ విత్తనం వేసే రైతుకు సూర్యుడి లెక్కే కావాలి, అందుకే మృగశిర ఇప్పుడు ఏటా జూన్ 7, 8 తేదీలకే వస్తుంది.

వానను కొలిచే అలవాటు కూడా పాతదే. ధాన్యాగారం ముందు వాన కొలిచే కుండ పెట్టాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెప్పింది, ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వాన లక్షణాలకు అధ్యాయాలే కేటాయించాడు. ఆ లెక్కను రైతులు నోటికి వచ్చే మాటల్లో దాచుకున్నారు: "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు." 1875లో భారత వాతావరణ శాఖ వచ్చింది, బడిలో వాన సోషల్‌కి, నక్షత్రం సైన్స్‌కి, సామెత తెలుగుకి పోయాయి. చదువును బడి బయటి బతుకుతో కలపాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం గట్టిగానే చెప్పింది. కార్తె కంటే దగ్గరి దారి ఏముంది?

పైగా ఇందులో మంచి చిక్కుముడి ఉంది. కార్తెలు నడిచేది నక్షత్రాల ఏడాదితో, అంటే సూర్యుడు మళ్లీ అదే నక్షత్రం దగ్గరికి వచ్చే కాలంతో. అది రుతువుల ఏడాది కంటే దాదాపు 20 నిమిషాలు పెద్దది, అంటే సుమారు 70 ఏళ్లకు ఒక రోజు తేడా. వరాహమిహిరుడి కాలంలో మార్చి 21 దగ్గర మొదలైన తొలి కార్తె అశ్విని ఇప్పుడు ఏప్రిల్ 14 దగ్గరికి జరిగింది. మరి సామెతలు ఇంకా సరిపోతున్నాయా? తహసీల్దార్ ఆఫీసు వర్షపాతం లెక్కలు తెచ్చుకుని పిల్లలే తేల్చుకోవచ్చు, అదొక నెల రోజుల పాఠం.

సైన్స్ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. తొలకరి పడ్డాక ఎర్ర చెలకలో ఆరుద్ర పురుగు కనిపిస్తుంది. అరచేతిలోకి తీసుకుంటే కాళ్లు ముడుచుకుని ఎర్ర ముఖమల్ పూసలా ఉండిపోతుంది. కదిలేదాకా ఓపిక పట్టి లెక్కపెడితే ఎనిమిది కాళ్లు. కీటకానికి ఆరే ఉంటాయి, అంటే మనం పురుగు అంటున్నది సాలీడుకి, తేలుకి చుట్టం. లెక్క అయిపోయాక తడి మట్టిలోనే వదిలేయాలి.