ఊదా రంగు పోయినంత మాత్రాన మందైపోతుందా?

మూలికల సారాలు మందులా కాదా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. "ల్యాబ్‌లో రుజువైంది" అని ఒకరు, "మనుషుల్లో కాలేదుగా" అని ఇంకొకరు. మూలికల వాడకం ఎంత పాతదో అందరికీ తెలుసు కాబట్టి నేరుగా 1994కి వస్తాను.

మూలికల సారాల గురించి ఎక్కువగా చెప్పే గొప్ప వాటి యాంటీఆక్సిడెంట్ శక్తి. అప్పటిదాకా దాని లెక్క తేలిగ్గా ఉండేది. ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు కణాలను పాడుచేస్తాయి, యాంటీఆక్సిడెంట్లు అనే పదార్థాలు వాటిని ఆపుతాయి, కాబట్టి ఎంత తీసుకుంటే అంత మేలు. ఆ ఏడాది ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ల మీద చేసిన ట్రయల్ ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువ కనిపించింది. అమెరికాలో అలాంటి మరో ట్రయల్‌ను 1996 జనవరిలో మధ్యలోనే ఆపేశారు. ఫ్రీ రాడికల్స్ ఎప్పుడూ శత్రువులే కావు: తెల్లరక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి వాడుకునేది కూడా ఫ్రీ రాడికల్స్‌నే మరి.

అయినా మూలికల పరీక్ష 1958 నాటి పద్ధతిని వదల్లేదు. డీపీపీహెచ్ అనే ఫ్రీ రాడికల్ రసాయనాన్ని మెథనాల్‌లో కలిపితే చిక్కటి ఊదా రంగు వస్తుంది. అందులో మూలిక సారం వేసి అరగంట చీకట్లో ఉంచితే పసుపుగా మారుతుంది. ఎంత మారితే అంత యాంటీఆక్సిడెంట్ శక్తి అని రాసుకుంటారు. కానీ డీపీపీహెచ్ మన ఒంట్లో ఉండదు. మొక్కల్లోని పాలీఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్లలో చాలావరకు పేగుల నుంచి రక్తంలోకి సరిగా చేరవు, చేరినవాటి రూపం కాలేయంలో మారిపోతుంది. ఇలాంటిదే ఆహారాల యాంటీఆక్సిడెంట్ శక్తికి అంకె ఇచ్చే ఓఆర్ఏసీ అనే మరో ల్యాబ్ కొలత. కంపెనీలు ఆ అంకెలను ప్రచారానికి వాడుకుంటున్నాయని, ఆరోగ్యంతో వాటికి సంబంధం ఉందనడానికి ఆధారం లేదని అమెరికా వ్యవసాయ శాఖ 2012లో ఆ అంకెల పట్టికనే తీసేసింది.

సారం సూక్ష్మజీవులను ఆపుతుందా అని చూసే పరీక్షలోనూ ఇదే చిక్కు. బ్యాక్టీరియాను పెంచే అగర్ అనే జెల్లీ పళ్లెంలో సారం చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం పెద్దదైతే మందు గట్టిదని అనుకుంటాం. నీళ్లలో కలవని నూనెలు అగర్‌లో సరిగా పాకవు, వాటి వలయం చిన్నదే అవుతుంది. అందుకే ఎంత తక్కువ మోతాదుకు పెరుగుదల ఆగుతుందో కొలవాలి. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే గానీ పనిచేయని సారాన్ని గొప్పగా చెప్పుకోకూడదు.

మూలికల పక్షాన నిలబడేవాళ్లు మొక్క నుంచి వచ్చిన మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను చూపిస్తారు. న్యాయమే. చైనా శాస్త్రవేత్త తూ యూయూకి 2015లో నోబెల్ తెచ్చింది అదే. కానీ ఆమె బృందం మొక్క సారం దగ్గరే ఆగలేదు. పనిచేసే పదార్థాన్ని విడదీసి, మలేరియా రోగుల్లో పరీక్షించింది. పైగా ఆ మందు యాంటీఆక్సిడెంట్ కాదు. రక్తంలోని ఇనుము తగలగానే ఫ్రీ రాడికల్స్ పుట్టించి, వాటితోనే మలేరియా పరాన్నజీవిని చంపుతుంది.