కృష్ణబిలాల సమాచార వైరుధ్యం: పునాదిలోనే ఉండిపోయిన షరతు

కృష్ణబిలంలో పడిన సమాచారం ఏమవుతుందన్న వాదన బెంగళూరులోని తెలుగు విజ్ఞాన ప్రియుల మధ్య మళ్ళీ రాజుకుంది. 2019 నాటి ‘ద్వీపాల’ లెక్కలతో సమస్య తీరిపోయిందని కొందరు గట్టిగా చెబుతుంటే, ఆ లెక్కలు మన విశ్వానికి వర్తించవని, అలా అనడానికి ఆధారాలు ఈ నగర శివార్లలోని హెసరఘట్ట నుంచే వచ్చాయని మరికొందరు బదులిస్తున్నారు.

కృష్ణబిలాలు వికిరణం వెలువరిస్తూ మెల్లగా ఆవిరవుతాయని భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 1974లో చెప్పారు; వాటిలో పడిన సమాచారం కూడా అలా నశిస్తుందని 1976లో వాదించారు. క్వాంటం సిద్ధాంతం ప్రకారం సమాచారం నశించరాదు, వైరుధ్యం ఇదే. నశించదన్న జాన్ ప్రెస్కిల్‌తో ఆయన పందెం వేసి, 2004లో డబ్లిన్ సదస్సులో ఓటమిని ఒప్పుకున్నారు. ఆ ఓటమినే మలుపుగా చెప్పడం పరిపాటి అయింది గాని, పందెంలో హాకింగ్ పక్షాన నిలిచిన కిప్ థార్న్ ఆనాడు ఓటమిని అంగీకరించలేదు. నేటి తగవుకు మూలం 1993లో మరో భౌతిక శాస్త్రవేత్త డాన్ పేజ్ చేసిన లెక్కలో ఉంది.

కృష్ణబిలం ఆవిరయ్యే తొలి దశలో వికిరణపు ఎంట్రోపీ (దాని స్థితి గురించి మనకు తెలియనిదానికి కొలత) పెరిగి, సుమారు సగం దారిలో తగ్గుముఖం పట్టి, చివరికి సున్నాకు చేరితేనే సమాచారం నిలిచినట్లని పేజ్ చూపారు. హాకింగ్ లెక్కలో అది తుదిదాకా పెరుగుతూనే ఉంటుంది. వైరుధ్యం ఇంత స్పష్టంగా కనిపించడానికి కారణం, పేజ్ లెక్క అడుగున ఉన్న ఒక షరతు: కృష్ణబిలం లోపలి భాగం, బయటి వికిరణం రెండూ వేర్వేరు వ్యవస్థలు, ఒకదానిలోని సమాచారం రెండోదానిలో ఉండదు. మామూలు క్వాంటం వ్యవస్థల్లో ఇది నిజమే కనుక దీన్ని చాలాకాలం పెద్దగా ప్రశ్నించలేదు. కృష్ణబిలపు అంచున లోపలికి పడేదాన్ని కాల్చివేసే అగ్నిగోడ ఉంటుందంటూ 2012లో పెద్ద కలకలం రేపిన ఫైర్‌వాల్ వాదన కూడా ఈ పునాది మీదే నిలిచింది.

గురుత్వం మాత్రం మామూలు వ్యవస్థ కాదు. ఒక వ్యవస్థ మొత్తం శక్తిని సుదూర సరిహద్దులోని గురుత్వ క్షేత్రం నుంచే కొలవవచ్చని ఆర్నోవిట్, డెసర్, మిస్నర్ 1960ల ఆరంభంలోనే, అంటే హాకింగ్ ప్రశ్న పుట్టడానికి ముందే, చూపారు. ధన, రుణ విద్యుదావేశాలు ఒకదాన్నొకటి కప్పివేయగలవు. గురుత్వానికి అలాంటి రుణ జోడీ లేదు కాబట్టి దాన్ని ఏ తెరా దాచలేదు. ఒకే ద్రవ్యరాశి గల రెండు గోళాకార అమరికలు బయటి నుంచి ఒకేలా కనిపిస్తాయి గదా అన్న అభ్యంతరం న్యాయమైనదే, కాని అది క్లాసికల్ (క్వాంటం ప్రభావాలను లెక్కలోకి తీసుకోని) సిద్ధాంతానికే చెల్లుతుంది. క్వాంటం సిద్ధాంతంలో శక్తికీ ఇతర క్షేత్రాలకూ మధ్య ఉండే అతి సూక్ష్మమైన సహసంబంధాలను సరిహద్దు వద్ద కొలిచి ఆ రెండు అమరికలనూ వేరుగా గుర్తించవచ్చు.

హెసరఘట్ట దగ్గరి సైద్ధాంతిక శాస్త్రాల పరిశోధన కేంద్రం ఐసీటీఎస్‌లో పనిచేసే సువ్రత్ రాజు, ఆయన సహచరులు నిలబెట్టిన వాదన ఇదే. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన అలోక్ లడ్ఢాతో కలిసి 2020లో వెలువరించిన పత్రంలో, ద్రవ్యరాశి లేని కణాల సమాచారమంతా అనంత దూరంలోని సరిహద్దు తొలి అంచున, ఆరంభం నుంచే లభ్యమని వారు చూపారు. అదే నిజమైతే సమాచారం బయటకు ఎలా వస్తుందని అడగవలసిన అవసరమే ఉండదు, ఎందుకంటే అది ఎన్నడూ కేవలం లోపలే లేదు. వైరుధ్యాన్ని పరిష్కరించామని చెప్పుకునే చాలా ప్రయత్నాల కంటే ఇది లోతైన సమాధానమని నా నమ్మకం.

2019లో పెనింగ్టన్, మరోవైపు ఆల్మ్‌హైరి బృందం పేజ్ గీతను, అంటే ఎంట్రోపీ పెరిగి తగ్గే ఆ తీరును, రాబట్టిన విధానం అందమైనదే. అయితే ఆ ‘ద్వీపాల’ (కృష్ణబిలం లోపల ఉన్నా వికిరణంలో భాగంగా లెక్కకట్టే ప్రాంతాల) లెక్కలు వికిరణాన్ని గురుత్వం లేని ఒక బాహ్య ప్రాంతంలోకి పంపుతాయి. అలా కలిపితే, రెండు కంటే ఎక్కువ స్థలకాల పరిమాణాలున్న నమూనాల్లో గ్రావిటాన్‌కు (గురుత్వాన్ని మోసే కణానికి) ద్రవ్యరాశి వస్తుందని, మన విశ్వంలోలాగా దూరవ్యాప్తి గల గురుత్వంలో ద్వీపాలు పొసగవని గెంగ్, కార్ష్, రాజు తదితరులు 2021లో వాదించారు. కృష్ణబిలానికి చాలా దూరంలో గురుత్వం ఎంతో బలహీనం కాబట్టి దాన్ని విడిచిపెట్టినా ఫలితం మారదని ద్వీపాల పక్షం అంటోంది.

బెంగళూరు పక్షం కూడా చూపవలసింది ఉంది. గురుత్వపు తక్కువ శక్తి లక్షణాలు కొన్ని పూర్తి క్వాంటం సిద్ధాంతంలోనూ నిలుస్తాయన్న ఊహ మీదే వారి ఫలితం ఆధారపడింది. ఆ పూర్తి సిద్ధాంతం ఇంకా చేతికి రాలేదు.