నైట్ డ్యూటీ వెనుక పాత లెక్క

తిరుపతిలో అలిపిరి వెళ్లే దారిలో రుయా, ప్రసూతి ఆసుపత్రి, స్విమ్స్, బర్డ్ అనే పెద్దాసుపత్రులు దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. కడప, నెల్లూరు, మదనపల్లె వైపుల నుంచి అంబులెన్సులు వచ్చేది ఇక్కడికే. ఇంతమంది రోగులను కనిపెట్టుకుని ఉండే నర్సులకు నిద్ర పట్టకపోవడం, ఊరికే గుండె దడగా ఉండడం, డ్యూటీ పేరెత్తితే ఏడుపు రావడం గురించి మాట వస్తే యోగా చేయమనో, మనసు గట్టిచేసుకోమనో సలహా సిద్ధంగా ఉంటుంది. చరిత్ర మాత్రం మనసు కంటే ముందు మనుషుల లెక్క చూడమంటోంది.

ఈ ప్రాంతానికి నర్సింగ్ వృత్తి క్రైస్తవ మిషన్ ఆసుపత్రుల ద్వారా వచ్చింది. పొరుగునే ఉన్న వేలూరులో అమెరికన్ మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1915లో వెలిసింది. పరాయివాళ్ల ఒంటిని తాకే పని, రాత్రిళ్లు ఇంటికి రాని పని అని ఆడపిల్లలను పంపడానికి చాలా కుటుంబాలు వెనకాడిన కాలమది. ఆసుపత్రి ఆవరణలోనే హాస్టల్, వార్డెన్ నిఘా, పని అంటే సేవ. సేవ చేసేవాళ్లు గంటలు లెక్కపెట్టకూడదన్న భావం అలా వృత్తిలో పాతుకుపోయింది. ఇప్పటికీ జీతం అడిగిన నర్సుకు దాన్నే గుర్తుచేస్తారు.

దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లో తేల్చిన సంఖ్య చూస్తే కొరత ఎంత పాతదో తెలుస్తుంది: అప్పటి భారతదేశం మొత్తానికి సుమారు 7,000 మంది నర్సులు, అంటే 43,000 జనాభాకు ఒకరు. మరుసటి ఏడాదే నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. తర్వాత కమిటీలు చాలా వచ్చాయి. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలన్న ప్రమాణం చాలాకాలంగా కాగితం మీద ఉంది.

తిరుపతిలో వైద్య కళాశాల 1960లో, స్విమ్స్ 1993లో మొదలయ్యాయి. పడకలు, విభాగాలు, యంత్రాలు ఏటా పెరిగాయి. కొత్త బ్లాకుకు రిబ్బను కత్తిరించినంత వేగంగా నర్సు పోస్టులు మంజూరు కావు. ఆ ఖాళీలోకి కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ నియామకాలు వచ్చాయి. ఒకే వార్డులో, ఒకే పనికి రెండు రకాల జీతాలు. ఒకరికి సెలవు హక్కు, మరొకరికి అది దయ.

రాత్రి 8 గంటలకు హ్యాండోవర్, అంటే డ్యూటీ దిగే నర్సు రోగుల వివరాలు అప్పగించడం అవుతుంది. ఏ బెడ్డుకు ఏ డ్రిప్పు నడుస్తోందో, ఎవరికి మూత్రం రావడం లేదో, ఎవరిని ఉదయం ఆపరేషన్‌కు ఖాళీ కడుపుతో ఉంచాలో వింటూ రాసుకోవాలి. ఆ తర్వాత ఇంజెక్షన్లు. ఒకరికి రక్తం ఎక్కిస్తుంటే మొదటి పదిహేను నిమిషాలు పక్కనే ఉండి చలి, దద్దుర్లు వస్తున్నాయేమో చూడాలి. అదే సమయంలో వార్డు చివర ఒక పెద్దాయన ముక్కు గొట్టం పీకేసుకుంటాడు. ‘సిస్టర్, సెలైన్ అయిపోయింది’ అని మరొకరి బంధువు అరుస్తాడు. మూడు చోట్లా ఉండాల్సింది ఒక్క మనిషే. తెల్లవారుజామున రక్త నమూనాలు, ఆపై కేస్ షీట్లు. ఎక్కడ పొరపాటు జరిగినా మెమో ఆమెకే వస్తుంది.

ఈ ఒత్తిడిని పరిశోధకులు ఎప్పుడో పట్టుకున్నారు. లండన్‌లోని ఒక ఆసుపత్రిని పరిశీలించి మనోవిశ్లేషకురాలు ఇసబెల్ మెంజీస్ 1960లో రాసిన వ్యాసం ప్రకారం, నర్సు విద్యార్థినుల్లో సుమారు మూడో వంతు చదువు మధ్యలోనే వెళ్లిపోయేవారు. రోగిని పేరుతో కాక ‘పదో బెడ్డు కాలేయం’ అని పిలవడం కూడా బాధను దూరం పెట్టుకునే ఉపాయమేనని ఆమె గమనించారు. మన వార్డుల్లోనూ బెడ్డు నంబర్లే పేర్లు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులపై నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం చేసిన అధ్యయనం 2002లో వెలువడింది. నర్సుకు ఒక్క రోగి అదనమైతే ఆమె పూర్తిగా అలసి, విసిగిపోయే అవకాశం 23 శాతం, శస్త్రచికిత్స రోగుల మరణావకాశం 7 శాతం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఇలా పనిలో అలసి విసిగిపోవడం (బర్నౌట్) వ్యాధి కాదు, పనిచోట పుట్టే స్థితి అని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరించింది. యాజమాన్యాలు చదవవలసిన వాక్యం అది.

దాడుల భయం వేరే. ఆసుపత్రి సిబ్బందిపై హింసను అడ్డుకోవడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే చట్టం వచ్చింది. అయినా 2021 మే 10 రాత్రి రుయాలో ఆక్సిజన్ సరఫరాలో అంతరాయం వచ్చి కనీసం 11 మంది కొవిడ్ రోగులు చనిపోయినప్పుడు, బంధువుల ఆగ్రహం ఐసీయూలోని సామగ్రి మీద, సిబ్బంది మీద పడింది. ట్యాంకరు ఆలస్యానికీ మంచం పక్కన ఉన్న నర్సుకూ సంబంధం లేదు. కళ్లెదుట ఉన్నది మాత్రం ఆమే.

ప్రైవేటు రంగంలో జీతాలపై సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ 2016లో సిఫార్సులు చేసింది: 200 పడకలు దాటితే ప్రభుత్వ జీతంతో సమానం, 50 లోపు పడకలున్న చోట కూడా నెలకు కనీసం 20,000 రూపాయలు. అమలు చేయించే బాధ్యతను రాష్ట్రాలకు వదిలేశారు.

మనసు బాగోలేనివారి కోసం 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వ ఫోను సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 ఉంది. పగలూ రాత్రీ తెలుగులోనూ మాట్లాడతారు. మంచిదే. అయితే నైట్ డ్యూటీలో ఉన్న నర్సు ఆ నంబరుకు ఫోను చేయాలంటే, ఆ పావుగంట ఆమె రోగులను చూడడానికి వార్డులో రెండో నర్సు ఉండాలి.