ఎవరిని కాపాడినా కథ అక్కడికే

జార్జియా రాష్ట్రం, మేకన్ పట్టణం, ఒక మందుల షాపు. బయట జాంబీల గుంపు తలుపులు విరగ్గొడుతోంది. లోపల ఒక పక్క కిటికీని అదిమిపట్టి ఆపుతున్న డగ్‌ను బయటి చేతులు లాక్కుపోతున్నాయి. ఇంకో పక్క కార్లీ కాలిని ఒక జాంబీ పట్టుకుంది. ఆమె తుపాకీలో గుళ్లు అయిపోయాయి, గుళ్లున్న సంచి చేతికి అందడం లేదు. ఇద్దరిలో ఒకరి దగ్గరికి వెళ్లడానికే వ్యవధి ఉంది, ఆ వ్యవధిని చూపే గీత తెర మీద కళ్లముందే తరిగిపోతోంది. 2012 ఏప్రిల్‌లో టెల్‌టేల్ గేమ్స్ సంస్థ విడుదల చేసిన 'ది వాకింగ్ డెడ్' వీడియో గేమ్ మొదటి ఎపిసోడ్‌లోని ఈ ఘట్టంలో, కథానాయకుడు లీ ఎవరెట్ తరఫున నిర్ణయం తీసుకోవలసింది ఆడుతున్న మనిషే. ఎక్కువమంది కార్లీని కాపాడారు. అయితే మూడో ఎపిసోడ్‌లో, రోడ్డు పక్కన ఆగిన బండి దగ్గర జరిగే గొడవలో, లిల్లీ అనే సహచరి తుపాకీ పేలుస్తుంది. అప్పటికి బతికున్నది కార్లీ అయితే కార్లీ, డగ్ అయితే డగ్ ఆ తూటాకు చనిపోతారు.

మరి ఆ రాత్రి మందుల షాపులో గుండె దడదడలాడుతుండగా తీసుకున్న నిర్ణయానికి విలువ ఏమున్నట్టు? కథాప్రధానమైన ఎపిసోడ్ గేమ్‌ల మీద ఇప్పటికీ తెగని వాదమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలంటే కొన్ని గేమ్‌ల ముగింపులు బయటపెట్టక తప్పదు; ఇంకా ఆడనివాళ్లు ఇది గమనించాలి.

ప్రశ్న మాత్రం వీడియో గేమ్‌ల కంటే పాతది. 1967లో కెనడాలోని మాంట్రియల్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో చెకోస్లోవేకియా మంటపం ఒక వింత సినిమాను ప్రదర్శించింది. రాదుజ్ చిన్చెరా రూపకల్పనలో తయారైన ఆ 'కినోఆటోమాట్'లో ప్రతి కుర్చీకీ ఎరుపు, ఆకుపచ్చ మీటలు ఉండేవి. కీలకమైన చోట సినిమా ఆగేది, ఒక నటుడు వేదిక మీదికి వచ్చి నోవాక్ అనే కథానాయకుడు ఇప్పుడేం చేయాలని అడిగేవాడు. తువ్వాలు చుట్టుకుని ఇంటి బయట చిక్కుకుపోయిన పొరుగింటి స్త్రీని తన ఇంట్లోకి రానివ్వాలా, వద్దా? ప్రేక్షకులు మీట నొక్కి ఓటు వేసేవారు, ఎక్కువ ఓట్లు పడ్డ దృశ్యమే తెర మీద ఆడేది. ఎటు ఓటు వేసినా కొద్దిసేపటికే రెండు దారులూ ఒకే దృశ్యంలో కలిసేవి. సినిమా మొదట్లోనే చూపించిన మండుతున్న భవనం చివర కూడా మండుతూనే ఉండేది. ఆ కలయికలో ప్రజాస్వామ్యం మీద విసురు ఉందని చాలామంది అన్నారు. అయితే దాని వెనక అందరికీ వర్తించే ఒక లెక్క కూడా ఉంది.

ప్రతి మలుపులోనూ రెండు దారులుండి, అవి మళ్లీ ఎక్కడా కలవకపోతే, 10 మలుపుల తర్వాత 1,024 కథలు రాయాలి. 20 మలుపులైతే ఆ సంఖ్య 10 లక్షలు దాటుతుంది. 1979లో అమెరికాలో మొదలై పిల్లలను కట్టిపడేసిన 'చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్' పుస్తకాల వరుస ఈ లెక్కను మరో వైపు నుంచి ఎదుర్కొంది. దానికి ఆద్యుడైన ఎడ్వర్డ్ ప్యాకర్డ్ న్యాయవాది. కూతుళ్లకు నిద్రపోయే ముందు కథ చెబుతూ, తర్వాత ఏం జరగాలో తోచనప్పుడు వాళ్లనే అడగడం నుంచి ఆయనకు ఆ ఆలోచన పుట్టింది. ఆ వరుసలోని మొదటి పుస్తకంలో 40 ముగింపులున్నాయి. అన్ని ముగింపులు ఒక చిన్న పుస్తకంలో ఇమడాలంటే ఒక్కో కథ కొద్ది పేజీల్లోనే అయిపోవాలి. పాత్రలతో చనువు ఏర్పడేలోపే గుహ కూలుతుంది లేదా ఇల్లు చేరుకుంటాం. దారులు ఎన్ని ఎక్కువైతే ఒక్కో దారి అంత పొట్టిదవుతుంది. దారి పొడవుగా, లోతుగా ఉండాలంటే కొమ్మలు ఎక్కడో ఒకచోట మళ్లీ కలవాలి. ఆ తర్వాత వచ్చిన ప్రతి గేమ్ రచయితా ఈ రెంటి మధ్యే నలిగాడు.

ఇక్కడ బేతాళ కథలు గుర్తుకు రాక మానవు. విక్రమార్కుడు ఎంత తెలివైన జవాబు చెప్పినా మౌనభంగం కావడమే తడవుగా శవంతో సహా బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. జవాబు వల్ల కథ నడక మారదని తెలిసినా, ఆ జవాబు సరైనదేనా అని ఇంట్లో అందరూ వాదించుకుంటూనే ఉండేవాళ్లం. కథ దారి మార్చని జవాబుకు కూడా మనసులో చోటు ఉంటుందన్న సంగతి మనకు అలా ఎప్పటినుంచో తెలుసు.

టెల్‌టేల్ కథ 2004లో మొదలవుతుంది. ఆ ఏడాది మార్చిలో లూకాస్‌ఆర్ట్స్ సంస్థ తాను తయారుచేస్తున్న 'శామ్ అండ్ మ్యాక్స్' గేమ్‌ను మధ్యలోనే ఆపేసింది. అక్కడ పనిచేసిన కెవిన్ బ్రూనర్, డాన్ కానర్స్, ట్రాయ్ మొలాండర్ బయటికి వచ్చి కాలిఫోర్నియాలోని సాన్ రఫేల్‌లో కొత్త స్టూడియో పెట్టారు. అడ్వెంచర్ గేమ్‌లకు కాలం చెల్లిందని పెద్ద సంస్థలు అనుకుంటున్న రోజులవి. ఇంటర్నెట్ ద్వారా గేమ్‌ను నేరుగా ఇంటికి చేర్చే వీలు అప్పుడప్పుడే వస్తోంది కాబట్టి, కథను టీవీ సీరియల్‌లా భాగాలుగా విడగొట్టి అమ్మితే ఖర్చు అదుపులో ఉంటుందన్నది వాళ్ల ఆలోచన. అదే 'శామ్ అండ్ మ్యాక్స్'ను 2006 అక్టోబర్ నుంచి ఎపిసోడ్‌లుగా తెచ్చి, అది సాధ్యమేనని చూపించారు. ఆ గేమ్‌లు హాస్యానికీ పజిళ్లకూ పేరుపడ్డవి. ఎంపికల మీద నడిచినవి కావు.

రాబర్ట్ కిర్క్‌మన్ కామిక్ ప్రపంచం ఆధారంగా 2012లో ఐదు ఎపిసోడ్‌లుగా వచ్చిన 'ది వాకింగ్ డెడ్' ఆ పద్ధతిని తిరగేసింది. పజిళ్లు దాదాపు పోయాయి; మాటలు, మౌనాలు, గడువులోపు తేల్చుకోవలసిన నిర్ణయాలు ముందుకొచ్చాయి. సమయంలోపు ఏమీ ఎంచుకోకపోతే లీ మౌనంగా ఉండిపోతాడు, ఎదుటివాళ్లు ఆ మౌనాన్నీ జవాబుగానే తీసుకుంటారు. ఏదైనా మాట అనగానే తెర మూలన ఒక చిన్న వాక్యం కనబడి మాయమవుతుంది: క్లెమెంటైన్ దీన్ని గుర్తుంచుకుంటుంది. లీ సంరక్షణలో ఉన్న ఎనిమిదేళ్ల పాప ఆమె. ఆ వాక్యం కనబడ్డ ప్రతిసారీ, పిల్లల ముందు నోరు జారిన పెద్దవాళ్లకు కలిగే తత్తరపాటే ఆడేవాళ్లకూ కలిగేది. ఎపిసోడ్ చివర, లోకంలో ఎంత శాతం మంది మీలాగే చేశారో గేమ్ చూపించేది. తర్వాతి భాగానికి వారాల తరబడి ఆగాలి. అలా ఆగిన రోజుల్లోనే ఆ నిర్ణయాలు ఎక్కువగా బతికాయని నా నమ్మకం. ఏది దేనికి దారితీస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి, ఊహలో ఇంకా అన్ని దారులూ తెరిచే ఉండేవి.

తగవు మొదలైంది గేమ్ ఇచ్చిన మాట దగ్గర. మీ ఎంపికలను బట్టి ఈ గేమ్ మారుతుందని, మీరు ఆడే తీరునుబట్టే కథ రూపుదిద్దుకుంటుందని ప్రతి ఎపిసోడ్ ఆరంభంలో తెర మీద రాసి ఉండేది. రెండోసారి ఆడినవాళ్లకు అతుకులు కనబడ్డాయి. మొదటి ఎపిసోడ్‌లోనే, పొలంలో ట్రాక్టర్ కింద చిక్కుకున్న షాన్ వైపు పరుగెత్తినా, బాలుడు డక్ వైపు పరుగెత్తినా, షాన్ చనిపోతాడు, డక్ బతుకుతాడు. నాలుగో ఎపిసోడ్‌లో బెన్ అనే సహచరుణ్ణి గంట గోపురం మీద చేయి పట్టుకుని పైకి లాగితే ఐదో ఎపిసోడ్ దాకా ఉంటాడు, అంతే. జాంబీ కరిచిన చేతిని నరికించుకున్నా, నరికించుకోకపోయినా లీ బతకడు.

అదే 2012 మార్చిలో ఎపిసోడ్ గేమ్ కాని మరొకటి ఈ అసంతృప్తికి నోరిచ్చింది. 2007లో మొదలైన బయోవేర్ సంస్థ 'మాస్ ఎఫెక్ట్' మూడు భాగాల గాథలో, ఒక భాగంలో తీసుకున్న నిర్ణయాలు సేవ్ ఫైల్ (ఆట ఎంతవరకు వచ్చిందో దాచిపెట్టే ఫైల్) రూపంలో తర్వాతి భాగంలోకి వెంట వచ్చేవి. ఐదేళ్లు మోసుకొచ్చిన ఆ బరువంతా మూడో భాగం చివర్లో ప్రధానంగా ఎరుపు, నీలం, ఆకుపచ్చ వెలుగుల తేడాగా మిగిలిందని అభిమానులు మండిపడ్డారు. మూడు రంగుల్లో, ఒకే రుచితో 400కు పైగా కప్‌కేక్‌లు చేయించి స్టూడియోకు పంపారు. జూన్‌లో బయోవేర్ ముగింపును విస్తరించి ఉచితంగా అందించింది. నిరసన కోసం కేకులు చేయించేంత ప్రేమ ఉన్నవాళ్ల కోపం అది; దాన్ని అల్లరిగా కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచదు.

టెల్‌టేల్ మాత్రం ఆ ఏడాది అవార్డులతో, కొత్త ఒప్పందాలతో ఊపందుకుంది. పేరున్న కామిక్‌లు, టీవీ సీరియళ్లు, ఇతర గేమ్‌ల మీద వరసగా ఎపిసోడ్ కథలు వచ్చాయి. ఎక్కడ చూసినా అదే తరిగే గీత, అదే 'గుర్తుంచుకుంటుంది' వాక్యం. మొదటిసారి ఒళ్లు జలదరింపజేసిన ఉపాయం నాలుగైదుసార్లు చూసేసరికి తెలిసిపోయిన గారడీ అయింది. అన్నింటికంటే బాధ కలిగించింది 'వాకింగ్ డెడ్' మూడో సీజన్. రెండో సీజన్ 2014లో ముగిసినప్పుడు క్లెమెంటైన్ తన సహచరుల్లో కెన్నీతో ఉండిపోవచ్చు, జేన్‌తో వెళ్లవచ్చు, పసిబిడ్డ ఏజేను ఎత్తుకుని ఒంటరిగా సాగిపోవచ్చు. నిజంగా వేరువేరు ముగింపులవి. 2016 డిసెంబర్‌లో వచ్చిన తర్వాతి సీజన్ వాటిని చిన్న గతస్మృతి దృశ్యాల్లో తుడిచేసింది. కెన్నీ కారు ప్రమాదంలో పోతాడు, జేన్ ప్రాణం తీసుకుంటుంది, ఎవరి దారిలో వచ్చినా క్లెమెంటైన్ ఒంటరిగానే కొత్త కథలో అడుగుపెడుతుంది. రెండేళ్లు ఒక ముగింపును తమదిగా దాచుకున్నవాళ్లకు ఇది మాట తప్పడమే. కొమ్మలు మళ్లీ కలవక తప్పదని తెలిసినా, కలిపే పద్ధతిలో మర్యాద ఉండాలి. ఇక్కడ అది లేదు.

2015లో పారిస్‌లోని డోంట్‌నాడ్ స్టూడియో 'లైఫ్ ఈజ్ స్ట్రేంజ్' ఐదు ఎపిసోడ్‌లలో ఈ సమస్యను మరో కోణం నుంచి పట్టుకుంది. కథానాయిక మ్యాక్స్‌కు కాలాన్ని కొద్దిగా వెనక్కి తిప్పే శక్తి ఉంది, కాబట్టి ఏ నిర్ణయాన్నయినా చూసి, వెనక్కి వెళ్లి, మార్చుకోవచ్చు. రెండో ఎపిసోడ్ చివర, వేధింపులకు గురైన కేట్ అనే సహవిద్యార్థిని హాస్టల్ పైకప్పు అంచున నిలబడినప్పుడు మ్యాక్స్ శక్తి అడుగంటిపోతుంది. ఇప్పుడు ఒక్కసారే మాట్లాడాలి. అంతకుముందు ఫలహారశాలలో కూర్చుని ఉండగా కేట్ ఫోన్ చేస్తే ఎత్తామా, ఆమె గదిలోని ఫొటోలను, కుటుంబం వివరాలను శ్రద్ధగా చూశామా, ఆమెను ఏడిపించే రాతను చెరిపామా అన్నవి ఆ క్షణంలో అక్కరకు వస్తాయి. కేట్ బతకడం, బతకకపోవడం రెండూ సాధ్యమే. బతికితే నాలుగో ఎపిసోడ్‌లో ఆసుపత్రికి వెళ్లి పలకరించవచ్చు. ప్రధాన కథ మాత్రం ఆమె ఉన్నా లేకపోయినా అదే దారిలో నడుస్తుంది. చివర్లో స్నేహితురాలు క్లోయీనా, ఊరు ఆర్కేడియా బేనా అన్న ఒకే ఎంపిక మిగిలినప్పుడు, ఐదు ఎపిసోడ్‌ల శ్రమ రెండు మీటలకు కుదించారని చాలామంది నొచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ గేమ్ అనగానే గుర్తొచ్చేది కేట్‌తో మాట్లాడిన ఆ కొద్ది నిమిషాలే.

దీనికి ఖరీదైన జవాబు 2018లో 'డెట్రాయిట్: బికమ్ హ్యూమన్'తో వచ్చింది. క్వాంటిక్ డ్రీమ్ స్టూడియో ప్రతి అధ్యాయం చివర కొమ్మల పటాన్నే తెర మీద పెట్టింది. మీరు నడిచిన దారి వెలుగుతుంది, నడవనివి తాళం వేసి కనబడతాయి, ప్రధాన పాత్రలే మధ్యలో చనిపోవచ్చు. అయితే అది ఎపిసోడ్‌లుగా కాకుండా ఒకే గేమ్‌గా విడుదలైంది, వెనక సోనీ ఉంది. కొద్ది నెలలకొకటి చొప్పున భాగాలు అందించవలసిన స్టూడియోకు అంత విస్తారంగా కొమ్మలు వేసే స్థోమత ఉండదు. పైగా ఆ పటాన్ని చూస్తున్నప్పుడు పాత్రల గోడు మరచి, ఖాళీ గళ్లు నింపడం మీదికి మనసు పోతుంది. దారుల సంఖ్యే ఎంపికకు కొలమానమైతే చివరికి మిగిలేది లెక్కపుస్తకం.

2018 సెప్టెంబర్ 21న టెల్‌టేల్ దాదాపు 250 మందిలో 25 మందిని మినహాయించి అందరినీ తీసేసింది. అప్పటికి 'వాకింగ్ డెడ్' చివరి సీజన్‌లో ఒక్క ఎపిసోడే బయటికి వచ్చింది. కిర్క్‌మన్‌కు చెందిన స్కైబౌండ్ సంస్థ ఆ పనిని తీసుకుని, పాత బృందంలోని కొందరితో 2019 మార్చికల్లా పూర్తిచేసింది. ఆ సీజన్‌లో క్లెమెంటైన్ పెద్దదై, ఏజేను పెంచుతుంటుంది. తుపాకీ ఎప్పుడు ఎత్తాలో, తన నిర్ణయం మీద తాను ఎంతవరకు నిలబడాలో పిల్లవాడికి మనం నేర్పినదే చివరకు అతని చేతుల్లో బయటపడుతుంది.

నిజానికి ఈ దారి మొదటి సీజన్‌లోనే ఉంది. రెండో ఎపిసోడ్‌లో, మాంసం నిల్వచేసే గదిలో లారీ గుండె ఆగి పడిపోతాడు. బతికించాలని అతని కూతురు లిల్లీ, జాంబీగా లేచేలోపు తల పగలగొట్టాలని కెన్నీ. ఎవరి పక్షాన నిలిచినా కెన్నీ ఉప్పు దిమ్మను ఎత్తి లారీ తల మీద వేస్తాడు. ఫలితం మారలేదు, కాని ఆ రోజు ఎవరి పక్షాన ఉన్నామో కెన్నీ మరచిపోడు. నాలుగో ఎపిసోడ్ చివర క్లెమెంటైన్ కోసం లీ వెతకబోతుంటే, తోడు వస్తాడా రాడా అన్నది అలాంటి పాత సంగతుల మీద ఆధారపడుతుంది. ఐదో ఎపిసోడ్‌లో పాపను ఎత్తుకెళ్లిన అపరిచితుడు సవానా నగరంలోని ఒక హోటల్ గదిలో లీని ఎదురుగా కూర్చోబెట్టి, అతను చేసిన పనులను ఒక్కొక్కటే ఎత్తి చూపుతాడు. కథ మారలేదన్నది వాస్తవం. చేసినదానికి మనచేత సంజాయిషీ చెప్పించుకుందన్నదీ అంతే వాస్తవం. కథ మారుతుందని మాట ఇచ్చి, నిజానికి అంతకంటే అరుదైనదాన్ని ఆ గేమ్ అందించింది. ఆరంభంలోని ఆ వాక్యం అబద్ధం చెప్పకుండా ఉంటే ఇంత తగవు ఉండేదే కాదు.

ఆ తర్వాతిది చివరి దృశ్యం. సవానాలో మూసి ఉన్న ఒక దుకాణంలో లీ నేల మీద కూలబడి ఉంటాడు, లేవలేడు. క్లెమెంటైన్ చేతిలో తుపాకీ. తనను కాల్చమని చెప్పాలా, వదిలి వెళ్లమని చెప్పాలా అన్నది మన నిర్ణయం. దానితో లీ బతకడని ఈపాటికి ఎవరికైనా తెలుసు. అయినా ఆ పాపతో చివరిగా అనగలిగిన మాటలు నాలుగు తెర మీద కనబడతాయి. జుట్టు పొట్టిగా ఉంచుకోమన్నది వాటిలో ఒకటి.