ఎద్దుల బండి మీద రెండు వేల మైళ్ళు

ప్రియమైన పిల్లలకు,

పర్లాకిమిడి నుంచి తాతయ్య ఆశీస్సులు. సెలవుల్లో ఆడుకోవడానికి మంచి కంప్యూటర్ ఆట చెప్పమన్నారు కదా. ‘ఒరెగాన్ ట్రైల్’ ఆడండి. 1971లో అమెరికాలోని మినియాపొలిస్‌లో ముగ్గురు కుర్ర టీచర్లు, డాన్ రావిట్ష్, బిల్ హైన్‌మన్, పాల్ డిలెన్‌బర్గర్, బడిలో చరిత్ర పాఠం కోసం దాన్ని తయారుచేశారు. అప్పుడు తెర కూడా లేదు. టెలిటైప్ యంత్రం కాగితం మీద ఒక్కో వరుసే అచ్చు కొట్టేది. మీరు మాత్రం 1985లో యాపిల్ టూ కంప్యూటర్‌కి వచ్చిన బొమ్మల ఆటతో మొదలుపెట్టండి.

కథ 1848లో జరుగుతుంది. మిస్సోరీలోని ఇండిపెండెన్స్ అనే ఊరి నుంచి ఒరెగాన్ దాకా, సుమారు రెండు వేల మైళ్ళు, అయిదుగురు మనుషులు ఒక బండిలో వెళ్ళాలి. బ్యాంకర్‌గా ఆడితే చేతిలో 1600 డాలర్లుంటాయి, వడ్రంగికి 800, రైతుకి 400. రైతుగా గట్టెక్కితే మార్కులు మూడింతలు.

అసలు ఆటంతా మొదట్లో దుకాణం దగ్గరే ఉంది. ఎద్దులు, తిండి, బట్టలు, తూటాలు, విడి చక్రం, ఇరుసు, నొగ అన్నీ అక్కడే కొనుక్కోవడం మేలు. తొందరపడకండి. నడి దారిలో ఇరుసు విరిగినప్పుడు గానీ మనం ఏం కొనలేదో గుర్తురాదు. ఏ నెలలో కదలాలన్నదీ మీరే తేల్చుకోవాలి. మార్చిలో వెళితే ఎద్దులకు గడ్డి చాలదు, జూలైలో వెళితే కొండల మీద మంచు పట్టుకుంటుంది. తిండి తగ్గించి బండిని పరుగెత్తిస్తే ముందు బాగానే ఉంటుంది. తర్వాత ఒక్కొక్కరే జబ్బు పడతారు. అప్పుడు టెన్షన్ పడి లాభం లేదు.

వేటలో ఎన్ని జంతువులను కొట్టినా బండికి తెచ్చుకోగలిగేది వంద పౌండ్ల మాంసమే. అది దాటాక కొట్టకండి. నదుల దగ్గర లోతు ఎంతో చూసి నిర్ణయించుకోండి: దిగి దాటాలా, బండిని తేల్చాలా, డబ్బిచ్చి పడవ ఎక్కాలా? వానాకాలంలో మన మహేంద్రతనయ ఎలా పొంగుతుందో చూసినవాళ్ళు మీరు, దిగేముందు ఆలోచిస్తారనే నమ్మకం నాకుంది.

ఈ ఆపదలన్నీ ఊరికే కల్పించినవి కావు. 1974లో రావిట్ష్ ఆ దారిన పోయినవాళ్ళ డైరీలు చదివి, ఏ కష్టం ఏ చోట ఎంత తరచుగా వచ్చిందో లెక్కగట్టి ఆటలో పెట్టాడు. నిజంగా కూడా జనాన్ని ఎక్కువగా తీసుకుపోయింది కలరా లాంటి రోగాలే.

ఒక లోటు మాత్రం నన్ను బాధిస్తుంది. ఆ నేల పానీ, షోషోనీ లాంటి ఎందరో ఆదివాసులది. వలస బళ్ళు వచ్చాక వాళ్ళ బతుకు ఏమైందో పాత ఆట చెప్పదు. 2021లో వచ్చిన కొత్త ఆటను ఆదివాసీ చరిత్రకారులను సంప్రదించి చేశారు, అది మంచి పని.

ఆడాక ఒక పని చేయండి. నౌపడ నుంచి మన ఊరికి చిన్న రైలు 1900లో వచ్చింది, అంతకుముందు బళ్ళే దిక్కు. నౌపడ ఉప్పు బండికెత్తుకుని మన ఊరి మీదుగా కొండలెక్కే ఆట ఒకటి మీరే కాగితం మీద గీయండి. అందులో సవర ఆదివాసీ కుటుంబం దారిలో ఎదురయ్యే బొమ్మగా ఉండకూడదు, మీలో ఒకరు ఆ కుటుంబంగానే ఆడాలి. గీశాక ఫోటో తీసి పంపండి. బండికి ఎంత బరువు వేయొచ్చో నేను చూసి చెబుతాను.

మీ తాతయ్య