ఊడిపడ్డ పన్ను ఇంకా బతికే ఉంది

ఆటలో మోచెయ్యి తగిలిందో, సైకిల్ మీంచి పడ్డాడో, పదేళ్ల పిల్లాడి పైవరస ముందుపన్ను ఊడి మట్టిలో పడింది. ఏడుపు, రక్తం, కంగారు. ఎవరో ఆ పన్ను ఏరి, కుళాయి కింద మట్టి పోయేదాకా వేళ్లతో తోమి, కాగితంలో చుట్టి జేబులో వేసుకుంటారు. జాగ్రత్త కొద్దీ చేసిన పనే. కానీ పన్ను చచ్చిపోయేది సరిగ్గా అక్కడే.

ఊడినప్పుడే చచ్చిపోలేదా అంటే, లేదు. గోడలో దిగ్గొట్టిన మేకులా పన్ను ఎముకలో బిగుసుకుని ఉండదు. వేరుకీ దవడ ఎముకకీ మధ్య సన్నటి పీచుపొర ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో దాదాపు అయిదో వంతు. గట్టిది కొరికినప్పుడు పన్ను రవ్వంత లోపలికి దిగి మళ్లీ పైకి వస్తుందంటే ఈ పొర చలవే. దెబ్బ తగిలినప్పుడు అది చీలి, కొంత గుంటలో మిగిలి, కొంత వేరుని అంటిపెట్టుకుని బయటికి వస్తుంది. అప్పుడే ఊడిన పన్ను వేరుని వెలుగులో పెట్టి చూస్తే తడితడిగా పలచటి పూతలా కనిపించేది అదే. పన్ను తిరిగి అతుక్కోవాలంటే అందులోని కణాలే పనిచేయాలి. తోమితే అవి రాలిపోతాయి. ఆరితే చస్తాయి: గాలికి వదిలేస్తే అరగంటలోనే చాలా వరకు పోతాయి, గంట దాటితే మిగిలినవి లేనట్టే లెక్క.

ఆరకుండా గ్లాసుడు నీళ్లలో వేద్దామనుకోవడం సహజం. అదీ పొరపాటే. కణం లోపలి ద్రవంలో ఉప్పులు ఎక్కువ, మంచినీళ్లలో తక్కువ. ఆ తేడాకి నీళ్లు కణంలోకి చొరబడి అది ఉబ్బి పగిలిపోతుంది. పాలకి ఆ ఇబ్బంది లేదు. వాటి గాఢత మన శరీర ద్రవాలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి కణాలు ఉబ్బవు, ముడుచుకుపోవు. ప్రయోగశాలల్లో వాడే ప్రత్యేక ద్రావణాలు ఇంకా మేలే, కానీ పన్ను ఊడిన చోట అవెక్కడ దొరుకుతాయి? చల్లటి పాలు చేతికందుతాయి.

పాలకన్నా మంచి చోటు ఒకటుంది, అది పన్ను ఊడి వచ్చిన గుంటే. పన్నుని కొరికే వైపు పట్టుకోవాలి, వేరుని తాకకూడదు. మట్టి అంటి ఉంటే పాలతోనో సెలైన్‌తోనో, అవి లేకపోతే కుళాయి నీళ్లతోనో కొన్ని సెకన్లు తొలిపి, పక్క పన్ను చూసి ముందూ వెనకా సరిచూసుకుని, మెల్లగా గుంటలోకి నొక్కాలి. తర్వాత శుభ్రమైన గుడ్డ మడిచి పళ్ల మధ్య పెట్టి కరిచిపట్టుకోమనాలి. భయమేస్తుంది, నిజమే. చేతులు ఆడకపోతే పాలలో వేసి పరుగెత్తండి. డెంటిస్టు దాన్ని పక్క పళ్లకి సన్నటి తీగతో రెండు వారాల పాటు కట్టి ఉంచుతారు. వేరు పూర్తిగా ఎదిగిన పన్నుకి ఆ రెండు వారాల్లోపే రూట్ కెనాల్ మొదలుపెడతారు.

ఆలస్యమైపోయిందని మాత్రం పన్నుని పారేయకండి. పొర చచ్చాక పెట్టిన పన్ను నేరుగా ఎముకకే అతుక్కుని, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కరిగిపోతుంది. అయినా ఎదిగే వయసులో ఆ కొన్నేళ్లూ దవడ ఎముకని కాపాడుతుంది.

పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు, కింద ఎదుగుతున్న శాశ్వత పన్ను దెబ్బతింటుంది. పిల్లాడికి స్పృహ తప్పినా, వాంతులవుతున్నా ముందు చూడాల్సింది తలదెబ్బని.

పంటిపోటు మరో రకం అత్యవసరం. పన్ను మధ్యలో నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి గుజ్జు ఉంటుంది. ఒంట్లో చాలా చోట్ల వాపు వస్తే చర్మం సాగి చోటిస్తుంది. ఇక్కడ చుట్టూ రాయిలాంటి గోడలు. వాపుకి చోటు లేక ఒత్తిడంతా నరం మీదే పడుతుంది. పడుకుంటే తలకి రక్తం ఎక్కువ చేరుతుంది కాబట్టి రాత్రిళ్లు పోటు ఎక్కువ. ఈ దశలో యాంటీబయోటిక్ మింగితే నొప్పి తగ్గదు. సరిపడని జబ్బులేవీ లేనివాళ్లకి ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ కొంత ఊరటనిస్తాయి. ఆస్పిరిన్ బిళ్ల చిగురు మీద పెడితే చిగురు కాలుతుంది, అంతే. నన్ను ఎక్కువ కలవరపెట్టేది వారం రోజులు సలిపిన పన్ను ఒక పొద్దున హఠాత్తుగా ఊరుకోవడం. తగ్గిపోయిందని అపాయింట్‌మెంట్ మానేస్తారు. తరచుగా అక్కడ జరిగింది గుజ్జు చచ్చిపోవడం. సూక్ష్మజీవులకి వేరు కొసదాకా దారి తెరుచుకుంటుంది.

అక్కణ్ణుంచి చీము బుగ్గలోకి, దవడ కిందికి, నాలుక కిందికి పాకగలదు. జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్రీడ్రిక్ వాన్ లుడ్విగ్ 1836లో వర్ణించిన జబ్బు ఇదే. నోటి అడుగు గట్టిపడి, నాలుక పైకీ వెనక్కీ తోసుకుపోయి, ఊపిరి దారి మూసుకుపోతుంది. యాంటీబయోటిక్స్ రాకముందు ఇది వచ్చినవాళ్లలో సగానికి పైగా చనిపోయేవారు. జ్వరంతో పాటు దవడ కింద వాపు, నోరు తెరవలేకపోవడం, ఉమ్ము మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే పళ్ల డాక్టరు ఎప్పుడు కుదురుతారో అని ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు. అర్ధరాత్రైనా సరే, నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. దారిలో వెల్లకిలా పడుకోబెట్టకుండా కూర్చోబెట్టే ఉంచాలి.